జల్లెడ కింద సుభద్రమ్మగారి ముఖం

ముందే చెప్పేస్తున్నాను, నేను పెంచి చెబుతాను. గోరంతని కొండంత చేసి ఊరుకునే రకం కాదు నేను. కొండంత అయ్యాక దాని మీద గుడి కట్టి, ధ్వజస్తంభం నిలబెట్టి, కల్యాణోత్సవం కూడా జరిపిస్తాను. మా ఇంట్లో పాలు పొంగితే వీధిలోకి వరదొచ్చిందని చెప్పడం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటు. కాబట్టి ఇందులో ఎక్కడ అంకె కనబడినా సగానికి కొట్టేసుకుని, మిగిలిన సగంలోనూ కాస్త తరుగు తీసుకోండి. పెంచడం వేరు, లేనిది పుట్టించడం వేరు. పుట్టించింది మాత్రం ఒక్కటే ఉంది. అదేమిటో చివర్లో నేనే ఒప్పుకుంటాను.

ఇరవై ఎనిమిదేళ్ళు ముఖాలకి రంగులేసి, యాభై నాలుగో ఏట మేకప్ పెట్టె మూసేశాను. కారణం తుమ్ములు. పౌడరు డబ్బా మూత తీస్తే చాలు, వరసగా పద్నాలుగు వచ్చేవి. తణుకులో ఒక తుమ్ముకి పెళ్ళిపందిరి ఉత్తరం వైపు ఒరిగింది. ఆ పందిరి కట్టినవాడు రాజమండ్రిలో మా ఇంటిదాకా వెతుక్కుంటూ వచ్చి, "ఇంక చాలండి మాస్టారూ, ఇంటిపట్టున ఉండండి" అని దణ్ణం పెట్టి వెళ్ళాడు.

ఇంటిపట్టున ఉంటే ఆడపిల్లలు వస్తున్నారు. ఊళ్ళో సందుకో బ్యూటీ పార్లరు లేచింది కదా, అందులో పని నేర్చుకునేవాళ్ళు. వచ్చి, "మాస్టారూ, పెళ్ళికూతురికి ఎలా వెయ్యాలండి?" అనడుగుతారు. పెళ్ళికూతురికి ఎవరైనా వేస్తారమ్మా. ఇరవై ఏళ్ళ ముఖం కొత్త పలక లాంటిది, ఏం రాసినా నిలుస్తుంది. యాభై దాటిన ముఖం, అదీ పొడిచర్మం, కూచుని మన వంక చూసినప్పుడు తెలుస్తుంది మనకెంత వచ్చో. అలాంటి ఒక ముఖం నాకు రెండుసార్లు తగిలింది. ఇది రాస్తుంటే ఇప్పటికీ అరచేతుల్లో చెమట పడుతోంది. ఈ చెమట మాత్రం ఉన్నది ఉన్నట్టే చెబుతున్నాను.

వెనక బెంచీ కోసం నేర్చుకున్న విద్య

నాకు పని నేర్పినాయన పౌరాణిక నాటకాలకి మేకప్ చేసేవారు. ఊరంతా మాస్టారనేవారు, నేనూ అంతే. మనిషి చీపురుపుల్ల. కోపం మాత్రం రోడ్డు రోలరంత. పళ్ళూడిపోయిన అరవై మూడేళ్ళ నటుణ్ణి గంటలో పదహారేళ్ళ రాకుమారుణ్ణి చేసి స్టేజీ ఎక్కించేవారు. ఆ రాకుమారుడికి మోకాళ్ళ నొప్పులని మొదటి పద్యం అయ్యేదాకా ఎవరికీ తెలిసేది కాదు.

"ముఖం అనుకోకురా, గోడ అనుకో" అనేవారు. "ముందు తడి లేకుండా తుడువు. తడి మొహానికి రంగు నిలవదు. తుడిచాక లప్పం పెట్టు, రంగెయ్యి, పౌడరు కొట్టు. ఆఖరి బెంచీలో నిద్రపోయేవాడు కళ్ళు తెరిస్తే కనుబొమ్మ కనబడాలి."

నేనది వేదంలా వల్లెవేశాను. ఆయన తప్పేమీ చెప్పలేదు. ఆయన చెప్పింది పాతిక గజాల దూరానికి. తొంభైల్లో నాటకాలు తగ్గిపోయి, నేను పెళ్ళిళ్ళకి తిరగడం మొదలుపెట్టాక, నా ఎదురుగా ఉన్నది ఆఖరి బెంచీ కాదు, మూరెడు దూరంలో వీడియో కెమెరా. దానికీ అదే విద్య చూపించాను. పాపం మాస్టారిది కాదు, నాది.

ఆడవాళ్ళ గదిలోకి మగవాణ్ణి ఎవరు రానిస్తారు? అందుకని మా ఆవిడ రత్నాన్ని వెంట తీసుకెళ్ళేవాణ్ణి. నేను రంగు వేస్తుంటే తను అద్దం పట్టుకుని పక్కన నిలబడేది. అద్దంతో పాటు నాకు మర్యాద కూడా తనే పట్టుకొచ్చేది.

కాలవ అడుగు

పాలకొల్లులో ఇత్తడి, స్టీలు సామాన్ల కొట్టు విశ్వేశ్వరరావుగారిది. వాళ్ళమ్మాయి పెళ్ళికి పిలిచారు. పెళ్ళికూతురికి వేశాను, బ్రహ్మాండంగా కుదిరింది. ఇంకాస్త టైముందని, "అమ్మగారికి కూడా వేసెయ్యండి" అన్నారెవరో. అమ్మగారంటే విశ్వేశ్వరరావుగారి భార్య సుభద్రమ్మగారు. యాభై రెండేళ్ళుంటాయి. చర్మం ఉల్లిపొరలా పల్చన, నూనె చుక్క లేదు. అంతకు గంట ముందే సున్నిపిండితో రుద్దుకుని తలంటి పోసుకుని వచ్చారు. అంటే ఉన్న ఆ కాస్త జిడ్డూ పిండి పట్టుకుపోయిందన్నమాట.

నేనేం చేశాను? తువ్వాలు పెట్టి బరబరా తుడిచాను. గట్టి రంగు మెత్తాను. దాని మీద పాన్‌కేకు, నాటకాలవాళ్ళు వాడే గట్టి బిళ్ళ. దాని మీద పౌడరు. బయటికి రాగానే వీడియో సత్తిబాబు తగులుకున్నాడు. సత్తిబాబు లైటు వేస్తే పక్క ఊళ్ళో కోడి కూసేది.

"మాస్టారూ, అమ్మగారి నుదురు మెరిసిపోతోందండి. ఇంకాస్త కొట్టండి."

కొట్టాను.

"ముక్కండి, ముక్కు."

అదీ కొట్టాను. ఇలా తొమ్మిదిసార్లు. ఆఖరికి అద్దంలో పాలరాతి బొమ్మలా ఉన్నారావిడ. నాకు గర్వంగా కూడా అనిపించింది. పాలరాతి బొమ్మ ఏడవదు, నవ్వదు అన్న సంగతి నాకు తోచలేదు. కన్యాదానం దగ్గర ఆవిడ ఒకేసారి ఏడ్చారు, నవ్వారు. తల్లి కదా. ముందు పెదవుల పక్కన రెండు గీతలు తెగాయి. తర్వాత కళ్ళ కింద. ఆపైన నుదురంతా. రంగు పెళ్ళలు పెళ్ళలుగా లేచి, ఆవిడ కదిలినప్పుడల్లా కదులుతోంది. నేను కింద నిలబడి చూస్తున్నాను. పీటల దగ్గరికి వెళ్ళలేను, కళ్ళు తిప్పుకోలేను. డోలు వాయించేవాడి వెనక నక్కి కూచున్నాను, ముహూర్తం అయ్యేదాకా.

తర్వాత జరిగింది నాకు రెండేళ్ళకి గానీ తెలీలేదు. క్యాసెట్టు వచ్చాక చుట్టాలంతా హాల్లో చేరి చూశారట. కన్యాదానం రాగానే విశ్వేశ్వరరావుగారి చెల్లెలు కామేశ్వరమ్మ, "వదినా, ఎండాకాలం కాలవ కట్టేశాక అడుగు నెర్రెలిస్తుంది చూడు, అచ్చం అలా ఉందే నీ మొహం" అన్నారట. హాలంతా నవ్వింది. సుభద్రమ్మగారూ నవ్వారు, కొంగు అడ్డం పెట్టుకుని. ఆ రోజు పెట్టిన కొంగు మళ్ళీ తియ్యలేదు. క్యాసెట్టు బియ్యం డబ్బాలో అడుక్కి తోసేశారు. ఏ శుభకార్యానికి వెళ్ళినా స్తంభం వెనకే కూచునేవారు. ఫోటో అంటే వంటల దగ్గరికి వెళ్ళిపోయేవారు.

ఒక ముఖానికి రంగు వెయ్యడం గంట పని. ఆ రంగు తప్పితే మనిషి నవ్వు రెండేళ్ళు ఆగిపోతుంది. ఈ పనిలోకి వచ్చేవాళ్ళు ముందిది తెలుసుకుని రండి.

పీటల మీద కూచోనంటోంది

రాజమండ్రిలో నాకు నాటకాల డ్రస్సులు అద్దెకిచ్చే కొట్టు ఉండేది. ఒకరోజు పొద్దున్నే విశ్వేశ్వరరావుగారు గుమ్మంలో నిలబడ్డారు. పెళ్ళి హడావుడిలో నన్ను ఆయన సరిగ్గా చూసింది లేదు.

"మేకప్ మాస్టారంటే మీరేనాండి?"

ఆయన ఊరెళ్ళారండి అందామనుకున్నాను. కానీ నెత్తి మీద బోర్డులో నా ఫోటోనే ఉంది, నిలువెత్తుది.

"నాకు అరవై నిండుతున్నాయండి. షష్టిపూర్తి" అన్నారాయన కూచుంటూ.

"చాలా సంతోషమండి."

"సంతోషమేం లేదండి. మా ఆవిడ పీటల మీద కూచోనంటోంది. వీడియో ఉంటే కూచోదట. వీడియో వద్దంటే పిల్లలు ఊరుకోరు. పురోహితుడేమో, 'తాళి మీ మెళ్ళో మీరే కట్టుకుంటారాండీ' అని నన్నే అడుగుతున్నాడు."

నవ్వబోయి ఆయన ముఖం చూసి మానేశాను. ఆయన గొంతు తగ్గించారు. "మా పెళ్ళికి ఫోటో లేదండి. ఏటికి అవతల మా అత్తారింట్లో పెళ్ళయితే, నరసాపురం నుంచి రావాల్సిన ఫోటోగ్రాఫరు వరదొచ్చి రేవు దాటలేకపోయాడు. ఈ పీటల మీదైనా ఒక్క ఫోటో దిగాలని దానికి ఎప్పట్నుంచో ఉంది. ఇప్పుడు అదే వద్దంటోంది."

"నేనేం చెయ్యగలనండి?"

"పాడుచేసింది మీరండి. బాగుచెయ్యాల్సిందీ మీరే. ఇంకొకళ్ళని ఎలా పిలుస్తానండి?"

మర్యాదగానే అన్నారు. గోదావరి జిల్లాల్లో మనిషిని నరికినా అండీ చేర్చే నరుకుతారు.

పసుపు మీద రంగు

షష్టిపూర్తికి ఇంకా పన్నెండు రోజులుందనగా నేనూ రత్నం పాలకొల్లు వెళ్ళాం. సుభద్రమ్మగారు మంచినీళ్ళిచ్చి ఎదురుగా కూచున్నారు.

"మీ చెయ్యి చాలా బలమైందండి" అన్నారు. "రెండేళ్ళయినా నా బుగ్గ మర్చిపోలేదు."

"ఈసారి దూదిలా వేస్తానండి."

"వేసి చూపించండి. నచ్చితే కూచుంటాను. నచ్చకపోతే మీరే మా వారికి చెప్పెయ్యాలి, ఇది నా వల్ల కాదని."

ట్యూబులైటు కింద కూచోబెట్టి, ఆవిడ బుగ్గ పక్కన నా దగ్గరున్న రంగులన్నీ పెట్టి చూశాను. ఒకటి అతికినట్టు సరిపోయింది. ముఖం కడుక్కుని రమ్మని, అదే రంగు వేశాను. మెడ దాకా ఒక మనిషి, మెడ పైన బంగినపల్లి మామిడిపండు. ఎందుకిలా అయిందో నాకు బోధపడలేదు. రత్నం నా చెవిలో, "ఏమండీ, మీరు సరిచూసింది ఆవిడ రంగు కాదు, పసుపు రంగు" అంది. సుభద్రమ్మగారు నలభై ఏళ్ళుగా రోజూ ముఖానికి పసుపు రాసుకునే మనిషి. సబ్బుతో కడగ్గానే ఆ పసుపు దిగిపోయింది, నేను ఎంచిన రంగు మిగిలిపోయింది.

మన ఆడవాళ్ళకి రంగు ఎంచేటప్పుడు బుగ్గ చూడకండి. చెవి కింద, దవడ మెడలో కలిసే చోట చూడండి. పసుపు అక్కడిదాకా పాకదు. ట్యూబులైటు నమ్మకండి. వీధి గుమ్మంలో కూచోబెట్టి పగటి వెలుతురులో చూడండి. రెండు రంగుల మధ్య అనుమానమొస్తే కాస్త వెచ్చగా, గోధుమ వైపు ఉన్నది తీసుకోండి. తెల్లదనం కోసం ఒక మెట్టు పైకి ఎక్కారా, వయసొచ్చిన ముఖం బూడిద పూసినట్టు కనబడుతుంది.

గుమ్మంలో రెండోసారి మొదలుపెట్టాను. ముందు పన్నీరులో కలిపిన గ్లిజరిను రాసి పది నిమిషాలు ఆగాను. ఆ తర్వాత క్రీములాంటి ఫౌండేషను, మొత్తం ముఖానికి కందిగింజంత. రుద్దలేదు. తడిపి పిండిన స్పాంజితో అద్దాను. పొడిచర్మాన్ని రుద్దితే పొట్టు లేస్తుంది, అద్దితే తాగుతుంది. కళ్ళ కింద దాదాపు ఏమీ లేదు. ముడత ఉన్నచోట రంగు పెడితే అది ముడతని దాచదు, గీత గీసి చూపిస్తుంది. పౌడరు ముక్కుకి అటూ ఇటూ మాత్రమే. తళుకు పొడి పెట్టెలోంచి బయటికే తియ్యలేదు. పెదవులకి ముందు వెన్న, అది తుడిచాక ఇటికరాయి రంగు లిప్‌స్టిక్కు పల్చగా.

ఆవిడ అద్దం తీసుకుని వాకిట్లోకి వెళ్ళి చూసుకున్నారు. చాలాసేపు చూసుకున్నారు. నేను ఊపిరి బిగబట్టి నూట ఎనభై అంకెలు లెక్కపెట్టాను.

"ఇది నా మొహంలానే ఉంది" అన్నారు చివరికి. "సరే, కూచుంటాను. కానీ ఒక మాట. అక్కడ హోమం దగ్గర పగిలిందంటే మధ్యలో లేచి లోపలికి వెళ్ళిపోతాను. అపశకునమని ఎవరేమనుకున్నా సరే."

పక్కన నిలబడ్డ విశ్వేశ్వరరావుగారు తాగుతున్న కాఫీ గ్లాసు కింద పెట్టేశారు.

ఆ పన్నెండు రోజులూ నాకు తిండి లేదు, నిద్ర లేదు. పదమూడు కిలోలు తగ్గాను. హోమం వేడికి రంగు ఆగుతుందో లేదో చూద్దామని రోజూ రత్నం ముఖానికి వేసి పొయ్యి ముందు గంట కూచోబెట్టేవాణ్ణి. పొయ్యి ఉత్తినే మండటమెందుకని తను ఇడ్లీలు వేసేది. పన్నెండో రోజుకి రంగు నిలిచింది, మా ఇంట్లో ఇడ్లీ పిండి మాత్రం అయిపోయింది.

హోమం

ముహూర్తం రోజు తెల్లవారగానే వెళ్ళాం. రత్నం ముందే చెప్పి ఉంచింది కాబట్టి ఆవిడ పసుపు కాళ్ళకీ చేతులకీ రాసుకుని, ముఖానికి పేరుకి ముట్టించారు. నేను గుమ్మంలో చేసినట్టే చేశాను. ఆవిడ వచ్చి పీటల మీద కూచున్నారు. సగం పని అయిందని విశ్వేశ్వరరావుగారు నా వంక చూసి తలాడించారు.

వీడియో మళ్ళీ సత్తిబాబే.

"మాస్టారూ, మెరుస్తోందండి."

"మెరవనీ సత్తిబాబూ. బతికున్న మొహం మెరుస్తుంది."

"తర్వాత నన్ననకండి మరి."

"నిన్నేం అనను. నువ్వా లైటు రెండడుగులు వెనక్కి లాగు."

లాగాడు. రెండేళ్ళ క్రితం ఈ ఒక్క మాట అనడానికి నాకు నోరు రాలేదు. వీడియో తీసేవాడు మన పై అధికారి అని ఎవరూ రాసివ్వలేదు. వాడు చూసేది లైటుని, మనం చూడాల్సింది మనిషిని.

హోమం రాజుకుంది. నెయ్యి, సమిధలు, పొగ. పందిట్లో వేడికి అరటి గెలలు అక్కడికక్కడే పండిపోతున్నాయి. నేను పదడుగుల దూరంలో నిలబడి ఆవిడ ఎడమ బుగ్గ తప్ప ప్రపంచంలో ఇంకేదీ చూడలేదు. అరగంట నిలిచింది. ముప్పావుగంట నిలిచింది. గంట దాటాక పెదవి పక్కన వెంట్రుకంత గీత కనబడింది. అది నాకే కనబడిందా, నిజంగా ఉందా? ఆవిడ వేలి కొసతో సరిగ్గా అక్కడే తాకి చూసుకున్నారు. తలెత్తి నా వంక చూశారు.

నేను కళ్ళతోనే, ఏం లేదండి, ఏం లేదండి అన్నాను. ఆవిడ నమ్మలేదు. కుడి చెయ్యి పీట మీద ఆనించారు. మోకాలు కదిలింది. లేవబోతున్నారు. నా కాళ్ళ కింద భూమి పోలవరం దాకా కదిలింది.

సరిగ్గా అప్పుడే పురోహితుడు అన్నాడు: "లేవండమ్మా, ఇద్దరూ లేవండి. కలశస్నానానికి వేళయింది."

ఇక్కడ నా తెలివి గురించి చెప్పాలి. షష్టిపూర్తిలో జపం చేసిన కలశాల నీళ్ళు దంపతుల నెత్తిన పోస్తారని నాకు తెలీదా? మా నాన్నగారికి నా చేత్తోనే పోశాను. కానీ కొడుకుగా తెలియడం వేరు, మేకప్ పెట్టె పట్టుకున్నవాడిగా గుర్తుండటం వేరు. పొగకి జాగ్రత్తపడ్డాను, వేడికి జాగ్రత్తపడ్డాను, కన్నీళ్ళకి సైతం జాగ్రత్తపడ్డాను. అరవై బిందెల నీళ్ళ సంగతి మర్చిపోయాను. పురోహితుణ్ణి ముహూర్తం ఎన్నింటికని అడిగాను గానీ, ముందేమిటి తర్వాతేమిటి అని అడగలేదు. మీరు ఏ శుభకార్యానికి వెళ్ళినా ముందు పురోహితుడి దగ్గర కూచోండి. ఎక్కడ నీళ్ళు, ఎక్కడ నిప్పు, ఎక్కడ అక్షింతలు, ఎక్కడ ఏడుపు, వరస రాసుకోండి. అది తెలిశాకే పెట్టె తెరవండి.

పెరట్లో ఇద్దర్నీ పీటల మీద నిలబెట్టారు. నలుగురు ముత్తయిదువులు నెత్తి మీద జల్లెడ పట్టుకున్నారు. బంధువులు ఒక్కొక్కరే వచ్చి జల్లెడలోంచి పోస్తున్నారు. కామేశ్వరమ్మగారు రెండు చెంబులు పోశారు, దండిగా. ఫౌండేషను ముందు పోయింది. కాటుక గౌతమీ వశిష్ఠల్లా రెండు పాయలుగా చీలి గడ్డం దగ్గర సముద్రంలో కలిసింది. సత్తిబాబు క్లోజప్పు కోసం కెమెరా భుజాన పెట్టుకుని ముందుకొస్తున్నాడు. నేనేం ఆలోచించలేదు. వెళ్ళి కెమెరాకి అడ్డంగా నిలబడ్డాను. ఆ క్యాసెట్టులో ఇప్పటికీ నిమిషంన్నర సేపు నా వీపే కనబడుతుంది.

"కొత్త బట్టలు కట్టుకుని పావుగంటలో రావాలమ్మా. మాంగల్యధారణ ముహూర్తం దాటకూడదు" అన్నాడు పురోహితుడు.

పావుగంట

ఆవిడ చీర మార్చుకునేసరికి అయిదు నిమిషాలు అయిపోయాయి. మేం గదిలోకి వెళ్ళేసరికి పట్టుచీరలో, తడిజుట్టుతో, చలికి వణుకుతూ స్టూలు మీద కూచునున్నారు. బుగ్గల మీద కాటుక చారలు. బయట సన్నాయి శ్రుతి చేసుకుంటున్నారు.

"ఇప్పుడేం చేస్తారండి?" అన్నారు. కోపంగా కాదు. ఆస్పత్రిలో అడిగినట్టు అడిగారు.

అలవాటుగా తువ్వాలు తీసుకున్నాను. తడి లేకుండా తుడువు, తడి మొహానికి రంగు నిలవదు. తువ్వాలు ముఖం దగ్గరికి తీసుకెళ్ళి ఆగాను. వెలుతురు పడుతున్న ఆ ముఖం చూశాను. పొద్దున్న ఉన్న సన్న గీతలు లేవు. చర్మం నీళ్ళు తాగి తేరుకుంది, జూన్‌లో కాలవలకి నీళ్ళు వదిలాక చేలు తేరుకున్నట్టు. ఈ నీళ్ళు తుడిచేస్తే మళ్ళీ పొడి నేల మిగులుతుంది. ఈ నీళ్ళనే లోపల కప్పెట్టాలి కదా అని నాకు మెరుపులా తోచింది. తువ్వాలు పక్కన పెట్టేశాను.

తడి దూదితో కాటుక చారలు మాత్రం తీశాను. తడి ముఖం మీదే క్రీము అద్దాను. అది జారిపోలేదు, ఇంకిపోయింది. పొద్దున్న వేసిన దానిలో సగం ఫౌండేషను, స్పాంజితో కూడా కాదు, నా అరచేతి వేడితో ఒత్తాను. పౌడరు డబ్బా తెరవనే లేదు. కళ్ళకి సన్నగా కాటుక, పెదవులకి కాస్త రంగు, కుంకుమ. రత్నం అద్దం పైకెత్తింది. సుభద్రమ్మగారు అందులో చూసుకుని, నోరు తెరిచి, మూసి, బుగ్గలు పూరించి, విడిచి పరీక్ష చేశారు. ఎక్కడా ఏమీ చిట్లలేదు. "పదండి" అన్నారు.

తాళి కట్టించుకున్నారు. తలంబ్రాలు మొదలయ్యాక విశ్వేశ్వరరావుగారు గుప్పెడు తీసి మర్యాదగా నెత్తిన వేస్తే, ఆవిడ దోసిలి నిండా తీసి ఆయన కళ్ళజోడు మీద కుమ్మరించారు. ఆయన జోడు తీసి తుడుచుకుంటుంటే ఇంకో దోసిలి. నవ్వారు. కొంగు నడుముకి దోపుకుని ఉంది, చెయ్యి ముఖం మీదికి వెళ్ళలేదు. పళ్ళన్నీ కనబడేలా నవ్వారు. సత్తిబాబు లైటు వేశాడు, ఫోటో అతను నొక్కాడు.

భోజనాల దగ్గర కామేశ్వరమ్మగారు ఆవిడ ముఖంలోకి ముఖం పెట్టి చూసి, "ఏం రాసుకున్నావు వదినా?" అన్నారు.

"నీళ్ళు వదినా" అన్నారు సుభద్రమ్మగారు, అప్పడం విరుచుకుంటూ. "అరవై బిందెలు. అందులో నువ్వు పోసినవీ ఉన్నాయి."

ఒప్పుకోలు

బిందెలు అరవై కావు. మధ్యరకం చెంబులు, ఇరవైయ్యొకటి. సత్తిబాబు లైటుకి ఏ కోడీ కూయలేదు. తణుకు పందిరి ముందే ఒరిగి ఉంది. నేను తగ్గింది రెండు కిలోలు, అదీ జ్వరం వల్ల. ఇవన్నీ పెంచినవి, మీరు ఈపాటికే కొట్టేసుకుని ఉంటారు.

కల్పించింది ఆ గదిలో ఉంది. నాకు మెరుపులా ఏమీ తోచలేదు. నేను తువ్వాలు పక్కన పెట్టలేదు. మాస్టారు చెప్పినట్టే బరబరా తుడవబోయాను. సుభద్రమ్మగారు నా మణికట్టు పట్టుకుని ఆపారు.

"తుడవకండి. తుడిస్తే లాగేస్తుంది. రోజూ స్నానం చేసి ఆ తడి మీదే మీగడ రాసుకుంటాను నేను. మీ క్రీమేదో ఇలాగే రాయండి" అన్నారు.

రాశాను. కుదిరింది. నా చేతులు వణుకుతున్నాయి కాబట్టి క్రీము సగం ఆవిడే అద్దుకున్నారు.

"ఈ మాట అమ్మాయి పెళ్ళి రోజే చెప్పొచ్చు కదండీ" అన్నాను.

"మీరు అడగలేదు కదండీ" అన్నారావిడ, అద్దంలో చూసుకుంటూ. "గోడనుకుని వేశారు."

ఆ తర్వాత తునికీ కాకినాడకీ కూడా నన్ను పిలిచింది ఆ తడి ముఖం కిటుకు కోసమే. అది నాకెలా తోచిందో ప్రతి ఊళ్ళోనూ చెప్పాను, ఒక్కో ఊళ్ళో ఒక్కో మెరుపు చేర్చి. పార్లరు పిల్లలకీ అలాగే చెప్పాను. ఆ రోజు గదిలో అద్దం పట్టుకుని నిలబడ్డ రత్నం ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా, అది అలా జరగలేదండీ అనలేదు. నేను ఆ కథ మొదలుపెట్టినప్పుడల్లా వచ్చినవాళ్ళకి కాఫీ పెడతానని లేచి వంటింట్లోకి వెళ్ళిపోయేది.